మినికాయ్ దీపస్తంభం – ఒక పగడపు దీవి పాఠాలు

సముద్రం లేని జిల్లాలో పుట్టినవాళ్ళకు లైట్ హౌస్ అంటే ఎక్కువగా క్యాలెండరు బొమ్మే. తెల్లటి స్తంభం, పైన ఒక దీపం, కింద అలలు. ఆ దీపం ఎంత దూరం కనిపిస్తుంది, ఎందుకు అంతే దూరం కనిపిస్తుంది, సరిగ్గా ఆ చోటే ఎందుకు కట్టారు అని అడిగితే ఇంటర్మీడియట్ ఫిజిక్స్, డిగ్రీ జియాలజీ రెండూ బయటికి తీయాల్సి వస్తుంది. గత సంవత్సరం విజ్ఞాన యాత్రలో భాగంగా లక్షద్వీప్‌లోని మినికాయ్ దీవికి వెళ్ళి, అక్కడి చారిత్రక దీపస్తంభాన్ని చూసే అవకాశం మాకు కలిగింది. చూసినదాన్ని, దాని వెనకున్న శాస్త్రాన్ని కలిపి మన కళాశాల మిత్రులకు చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఇది ప్రయాణపు ఖర్చుల పద్దు కాదు, పాఠం అనుకొని చదవండి.

దీవి ఎక్కడుంది?

కేరళ తీరానికి పడమట అరేబియా సముద్రంలో లక్షద్వీప్ ఉంది. మొత్తం దీవులు 36, అన్నీ కలిపినా నేల 32 చదరపు కిలోమీటర్లే. మనవైపు ఒక పెద్ద మండలంలో నాలుగైదు గ్రామాల పొలమంత అన్నమాట. అందులో జనం ఉండేవి పది దీవులు. వాటన్నిటికీ దక్షిణాన, మిగతావాటికి సుమారు రెండువందల కిలోమీటర్ల ఎడంగా, ఒంటరిగా ఉన్నది మినికాయ్. కొచ్చి నుంచి సుమారు 400 కిలోమీటర్లు. బయటివాళ్ళు అడుగుపెట్టాలంటే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. ప్రయాణం ఓడమీద.

దీవి ఆకారం చంద్రవంకలా ఉంటుంది. పొడవు సుమారు పది కిలోమీటర్లు, వెడల్పు చాలాచోట్ల ఒక కిలోమీటరు కూడా లేదు. తూర్పున లోతైన సముద్రం, పడమట పగడపు గట్టు చుట్టుకొని ఉన్న నిశ్చలమైన నీటిమడుగు. దీన్నే లగూన్ అంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం పదివేల పైచిలుకు జనం. మిగతా లక్షద్వీప్‌లో మలయాళానికి దగ్గరి యాస మాట్లాడితే, ఇక్కడివాళ్ళు మాట్లాడేది మహల్. మాల్దీవుల భాషే ఇది. తానా లిపిలో కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఊరు పది పేటలుగా ఉంటుంది. మగవాళ్ళలో చాలామంది తరతరాలుగా ఓడలమీద ఉద్యోగాలకు వెళ్ళినవాళ్ళే. అందుకే ఇంటి వ్యవహారం, ఊరి వ్యవహారం ఎక్కువగా ఆడవాళ్ళ చేతిమీదనే నడుస్తుంది.

ఇక్కడే దీపం ఎందుకు?

దీపస్తంభం చరిత్ర తెలియాలంటే ముందు ఒక కాలువ సంగతి తెలియాలి. 1869లో సూయెజ్ కాలువ తెరిచారు. అంతకుముందు యూరప్ నుంచి వచ్చే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావలసి వచ్చేది. కాలువ పడ్డాక ఏడెన్ మీదుగా కొలంబోకు, అక్కడినుంచి సింగపూరుకు ఆవిరి ఓడలు బారులు కట్టాయి. ఆ దారికి సరిగ్గా అడ్డంగా ఉన్నది మినికాయ్. దీవికి ఉత్తరాన ఉన్న సముద్రపు దారిని తొమ్మిదో డిగ్రీ చానెల్ అంటారు, దక్షిణాన మాల్దీవులకు, దీవికి మధ్య ఉన్నదాన్ని ఎనిమిదో డిగ్రీ చానెల్ అంటారు. అక్షాంశాలను బట్టి పెట్టిన పేర్లివి.

దీవి నేల సముద్రమట్టానికి చాలాచోట్ల రెండు మీటర్లకు మించదు. పగలైతే కొబ్బరిచెట్ల తలలు కొంత దూరం నుంచి కనబడతాయి. రాత్రయితే ఏమీ కనబడదు. నీళ్ళ కింద దాగిన పగడపు గట్టు ఓడ అడుగును చీల్చేదాకా తెలియదు. కాలువ తెరవకముందే, 1862లో, 'కొలంబో' అనే టపా ఆవిరి ఓడ ఇక్కడే గట్టెక్కి పగిలిపోయింది. ఇలాంటి నష్టాల తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం దీవి దక్షిణపు కొసన ఇటుకలతో గుండ్రటి స్తంభం కట్టించి 1885లో దీపం వెలిగించింది. ఎత్తు సుమారు 150 అడుగులు. కట్టించినవాళ్ళకు దీవి ప్రజలమీద ప్రేమ ఉందని చెప్పలేం. వాళ్ళ సరుకు, వాళ్ళ ఉత్తరాలు భద్రంగా చేరాలన్నదే లెక్క. అయినా వెలుగుకు పక్షపాతం ఉండదు గదా! ఎవరి ఓడకైనా, చివరికి చేపల పడవకైనా అదే దారి చూపింది. స్వాతంత్ర్యం తర్వాత ఈ స్తంభం మన ప్రభుత్వ లైట్ హౌస్ శాఖ ఆధీనంలోకి వచ్చింది.

ఎంత దూరం కనబడుతుంది?

భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఎంత ప్రకాశవంతమైన దీపమైనా ఒక హద్దు దాటితే కనబడదు. ఆ హద్దు లెక్క మనం పదో తరగతి పైథాగరస్ సిద్ధాంతంతోనే కట్టవచ్చు. భూమి వ్యాసాన్ని దీపం ఎత్తుతో గుణించి వర్గమూలం తీస్తే హద్దు దూరం వస్తుంది. లెక్క తేలిక కోసం దీపం ఎత్తు 49 మీటర్లు, అంటే 0.049 కిలోమీటర్లు అనుకుందాం. భూవ్యాసం 12,740 కిలోమీటర్లు. రెండింటి లబ్ధం దాదాపు 624. దాని వర్గమూలం 25. అంటే సముద్రమట్టంమీద ఉన్న కంటికి దీపం 25 కిలోమీటర్ల దూరం నుంచి కనబడుతుంది.

కాని నావికుడు నీళ్ళమీద పడుకొని చూడడు, ఓడ పైభాగాన నిలబడి చూస్తాడు. అతని కన్ను 9 మీటర్ల ఎత్తులో ఉంటే అదే సూత్రం ప్రకారం మరో 10.7 కిలోమీటర్లు కలుస్తాయి. మొత్తం సుమారు 36 కిలోమీటర్లు. గాలిలో కాంతి కొద్దిగా వంగుతుంది గనక నిజంగా ఇంకొంచెం ఎక్కువే కనబడుతుంది. గంటకు 28 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఓడకు ఇది గంటకు పైగా ముందే దొరికే హెచ్చరిక. పెద్ద ఓడను మళ్ళించడానికి అంత వ్యవధి కావాలి. స్తంభం ఎత్తుగా ఎందుకు కట్టారో ఈ ఒక్క లెక్కతో తేలిపోతుంది. ఎత్తు రెట్టింపు చేస్తే దూరం రెట్టింపు కాదు, 1.4 రెట్లే అవుతుంది. కాబట్టి ఎత్తు పెంచుతూ పోవడంలో కూడా ఒక దశ తర్వాత గిట్టుబాటు లేదు.

గుట్టను మడులుగా కోసినట్టు

దూరం సరే, అంత దూరం పోయే వెలుగు ఎక్కడినుంచి వస్తుంది? మా చిన్నప్పుడు వ్యవసాయానికి కరెంటు రాత్రిపూట వచ్చేది. మోటారు వేయడానికి నాన్న టార్చిలైటు పట్టుకొని పోయేవాడు. ఆ టార్చిలోని బల్బును బయటికి తీసి వెలిగిస్తే మనిషి మొహం కూడా సరిగా కనబడదు. అదే బల్బు అద్దపు గిన్నెలో పెడితే చేను అవతలి గట్టుదాకా కొడుతుంది. బల్బు అదే, బ్యాటరీ అదే. అన్ని దిక్కులా చెదిరిపోయే వెలుగును ఒక దిక్కుకు మళ్ళించడమే తేడా.

దీపస్తంభంలో ఈ పని కటకం చేస్తుంది. అయితే మనిషి ఎత్తున్న దీపానికి సరిపడే మామూలు కుంభాకార కటకం పోత పోస్తే అది టన్నులకొద్దీ బరువుంటుంది, మధ్యలో గాజు మందం వల్ల వెలుగును మింగేస్తుంది కూడా. ఫ్రెంచి ఇంజనీరు ఆగస్టిన్ ఫ్రెనెల్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. కాంతి వంగేది గాజు ఉపరితలం దగ్గరే, లోపలి మందం వల్ల కాదు. మరి ఆ మందం ఎందుకు మోయాలి? గుట్ట వాలును మడులు మడులుగా కోసి పొలం చేసినట్టు, కటకం వంపును వలయాలు వలయాలుగా కోసి, వెనకున్న అనవసరపు గాజును తీసేశాడు. నడుమ ఒక చిన్న కటకం, దానిచుట్టూ వలయాకారపు పట్టకాలు. వాటికి పైన, కింద అమర్చిన పట్టకాలు సంపూర్ణాంతర పరావర్తనంతో తప్పించుకుపోయే వెలుగును కూడా పట్టి ముందుకు పంపుతాయి. గాజుకు సందిగ్ధ కోణం సుమారు 42 డిగ్రీలని మనం ప్రయోగశాలలో కొలిచిందే ఇక్కడ పనికొస్తుంది. 1823లో ఫ్రాన్సు తీరంలోని కోర్డువాన్ దీపస్తంభంలో ఫ్రెనెల్ కటకాన్ని మొదట వాడారు. తర్వాత ప్రపంచమంతా అదే దారి పట్టింది.

ఇంకొక విషయం. దీపం ఆరి వెలుగుతున్నట్టు దూరంనుంచి కనబడుతుంది గాని, చాలా పాత స్తంభాల్లో దీపం ఆరదు. కటకాల పంజరం దాని చుట్టూ తిరుగుతుంది. ఒక కటకం మనకు ఎదురుగా వచ్చినప్పుడు మెరుపు, దాటిపోయినప్పుడు చీకటి. కరెంటు లేని రోజుల్లో ఈ తిప్పే పని గడియారపు యంత్రం చేసేది. బరువును గొలుసుతో పైకి చుట్టి వదిలితే అది మెల్లగా దిగుతూ పంజరాన్ని తిప్పేది. రాత్రంతా కావలివాళ్ళు మళ్ళీ మళ్ళీ చుట్టాలి. ఎన్ని సెకన్లకు ఒక మెరుపు అన్నది ఒక్కో దీపస్తంభానికి ఒక్కో రకం. నావికుడు గడియారం పట్టుకొని లెక్కపెట్టి, పుస్తకంలో చూసి, ఇది ఫలానా ఊరు అని పోల్చుకుంటాడు. మన ఊళ్ళో చీకట్లో దగ్గు వినబడితే ఫలానా తాత వస్తున్నాడని చెప్పమా? అలాగే.

పైకెక్కి చూస్తే

స్తంభం లోపల గోడవెంట మెట్లు చుట్టలు చుట్టుకుంటూ పైకి పోతాయి. గోడ మందం కింద ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. గాలి ఒత్తిడిని తట్టుకోవడానికి గురుత్వ కేంద్రం కిందికి ఉండేలా కట్టే పద్ధతి ఇది. పై వరండాలోకి వచ్చేసరికి గాలికి చొక్కాలు బెలూనుల్లా ఉబ్బాయి. ఒకవైపు కొబ్బరితోపుల పచ్చని చాప, దాని అంచున సన్నని తెల్లటి ఇసుక. లగూన్ నీళ్ళు లేత ఆకుపచ్చ, గట్టు దాటగానే ఒక్కసారిగా ముదురు నీలం. ఆ రెండు రంగుల మధ్య గీత గీసినట్టు నురుగు. నీరు లోతు తక్కువైతే కింది తెల్లటి ఇసుక వెలుగును తిప్పి పంపుతుంది, లోతు ఎక్కువైతే ఎరుపు, పసుపు కిరణాలను నీరే పీల్చేసుకొని నీలం మాత్రం మిగులుస్తుంది. రంగు చూసి లోతు చెప్పడం ఇక్కడి పడవవాళ్ళకు చిన్ననాటి విద్య. నైరుతి దిక్కున గట్టుమీద చిన్న తుప్పలా విరింగిలి అనే బుల్లి దీవి కనబడుతుంది. ఒకప్పుడు కుష్ఠురోగులను ఊరికి దూరంగా అక్కడ ఉంచేవారు. ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు. దారి చూపే దీపం ఇటు, వెలి వేసిన దీవి అటు, రెండూ ఒకే చూపులో పడతాయి.

కింద మాతో ఒక ముసలాయన మాటలు కలిపాడు. ముప్పై ఏళ్ళు ఓడలమీద తిరిగిన మనిషి. హిందీ బాగా వచ్చు. మేము రైతు కుటుంబాలనుంచి వచ్చామని తెలిసి, "మీ ఊళ్ళో బావి ఎంత లోతుంటుంది బేటా?" అని అడిగాడు. బోర్లు ఐదువందల అడుగులు దాటాయని చెబితే ఆశ్చర్యపోయాడు. "మాకు రెండు నిలువుల్లోనే నీళ్ళు. కాని మేము ఎక్కువ తోడం. తోడితే సముద్రం పైకొస్తుంది" అన్నాడు. ఆ మాటలో ఎంత శాస్త్రం ఉందో తర్వాత మా సార్ వివరించాడు.

తేలుతున్న మంచినీళ్ళు

దీవిలో ఏరు లేదు, చెరువు లేదు, వాగు లేదు. ఉన్నదంతా వానే. ఇసుకలోకి ఇంకిన వాననీరు కిందున్న ఉప్పునీటితో వెంటనే కలిసిపోదు. మంచినీటి సాంద్రత 1.000, సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025. తేలికైన నీరు బరువైన నీటిమీద, చమురు తేలినట్టు, ఒక కటకం ఆకారంలో తేలుతుంది. గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరి పేర్లతో ఈ సూత్రం ఉంది. సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక అడుగు ఉంటే, కింద నలభై అడుగులు ఉంటుంది. సాంద్రతల తేడా 0.025 కాబట్టి ఒకటిని దానితో భాగిస్తే 40 వస్తుంది, అంతే.

దీనికి రెండోవైపు భయంకరమైనది. మోటారు పెట్టి పై మట్టం ఒక అడుగు తగ్గించి, అలాగే ఉంచితే, కింద ఉప్పునీరు నలభై అడుగులు పైకి లేస్తుంది. పైన పోయింది అడుగే అనుకుంటాం, కింద పోయింది నలభై. ఒకసారి బావి ఉప్పెక్కితే మళ్ళీ తీయబడాలంటే ఎన్నో వానలు కురవాలి. ఆ ముసలాయన సూత్రం చదవలేదు, కాని దాని ఫలితం ఎరుగు.

జనం పెరిగాక బావులు చాలవు. అందుకే చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2011లో ఇక్కడ ఉప్పునీటిని మంచినీరు చేసే కేంద్రం పెట్టింది. రోజుకు లక్ష లీటర్లు దాని సామర్థ్యం. పద్ధతి మన పాఠ్యపుస్తకంలోదే. పీడనం తగ్గిస్తే నీరు తక్కువ ఉష్ణోగ్రతకే ఆవిరవుతుంది. పైనీరు సుమారు 28 డిగ్రీల వెచ్చన. దాన్ని గాలి తీసేసిన గదిలోకి వదిలితే కొంత ఆవిరవుతుంది. ఆ ఆవిరిని, మూడువందల మీటర్లకు పైగా లోతునుంచి గొట్టంతో తెచ్చిన చల్లటి నీటితో చల్లబరిస్తే తాగేనీరు. తీరం పక్కనే అంత లోతు ఉండటం పగడపు దీవికి దొరికిన వరం.

దీవి కింద మన నేల

అసలు నడిసముద్రంలో ఈ దీవి ఎలా పుట్టింది? 1842లో చార్లెస్ డార్విన్ ఒక వివరణ ఇచ్చాడు. మొదట అగ్నిపర్వతం లేస్తుంది. దాని అంచున పగడపు జీవులు గట్టు కడతాయి. కొండ మెల్లగా కుంగుతుంటే, వెలుగు కావలసిన పగడాలు అదే వేగంతో పైకి కట్టుకుంటూ పోతాయి. చివరికి కొండ మునిగి గట్టు మాత్రం ఉంగరంలా మిగులుతుంది. 1952లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవిలో డ్రిల్లింగ్ చేస్తే, 1,200 మీటర్లకు పైగా సున్నపురాయి దాటాక అగ్నిపర్వతపు నల్లరాయి తగిలింది. డార్విన్ మాట నిలిచింది.

మినికాయ్ కింది కొండ సంగతి మాలాంటి ఆదిలాబాద్ రైతుబిడ్డలకు మరీ ఆసక్తికరం. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కింద భూగర్భంలోని ఒక వేడి కేంద్రంమీదుగా మన భూఖండం జరుగుతున్నప్పుడు లావా పొంగి దక్కను నల్లరాతి పరుపులు పడ్డాయి. భూఖండం ఉత్తరానికి జరుగుతున్నకొద్దీ అదే వేడి కేంద్రం లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్ గట్టును వరసగా పేర్చిందనేది ఎక్కువమంది శాస్త్రజ్ఞులు ఒప్పుకున్న సిద్ధాంతం. ఇవాళ అది రీయూనియన్ దీవి కింద ఉంది, అక్కడి అగ్నిపర్వతం ఇప్పటికీ రగులుతోంది. మా పత్తి చేన్లలోని నల్లరేగడి ఆ దక్కను రాయి చివికి అయినదే. అంటే మా నాన్న దున్నే మట్టికీ, ఆ దీపస్తంభం నిలబడ్డ దీవి పునాదికీ పొయ్యి ఒకటే. వంట వేరు.

ఏమిటి ప్రమాదం?

పగడాలు బతికున్నంతకాలమే దీవి దీవి. అలల దెబ్బను గట్టు కాచుకుంటుంది, విరిగిన పగడమే ఇసుకై దీవిని నింపుతుంది. సముద్రం మామూలుకంటే ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు నిలిస్తే, పగడాలు తమలో ఉండి తిండి చేసిపెట్టే సూక్ష్మ శైవలాలను వెళ్ళగొట్టి తెల్లబడిపోతాయి. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016, 2024 సంవత్సరాల్లో ఇలా పెద్దఎత్తున జరిగింది. మినికాయ్ బతుకు ట్యూనా చేపమీద ఉంది. వలతో కాదు, గాలపు కర్రతో ఒక్కొక్కటిగా పడతారు. దానికి ఎర చిన్న చేపలు, అవి దొరికేది లగూన్ పగడాల మధ్య. పగడం పోతే ఎర పోతుంది, ఎర పోతే ట్యూనా లేదు, దాన్ని ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి చేసే 'మాస్' లేదు. ఇంకోవైపు ప్రపంచ సముద్రమట్టం 1900 నుంచి సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది, ఇప్పుడు ఏటా మూడు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోంది. రెండు మీటర్ల ఎత్తున్న నేలకు, తేలుతున్న మంచినీటికి అది చిన్న అంకె కాదు.

ఉపగ్రహాలు దారి చూపే ఈ రోజుల్లో దీపస్తంభం అవసరం తగ్గిందనేవాళ్ళున్నారు. పరికరం చెడితే కంటికి కనబడే దీపమే దిక్కని నావికులు అంటారు. ఆ వాదన అలా ఉంచి, నాకు తోచింది ఒకటి చెబుతాను. దీపస్తంభం చేసే పని ఓడను ఆపడం కాదు, ప్రమాదం ఇక్కడుంది అని గంట ముందు చెప్పడం. మళ్ళించవలసింది నడిపేవాడే. దీవివాళ్ళకు బావి నీటి రుచే అలాంటి దీపం. కొంచెం ఉప్పు తగలగానే చేయి ఆపుతారు. మన ఊళ్ళలో అలాంటి హెచ్చరిక ఏది? బోరు ఎండిపోయిన రోజునే మనకు తెలుస్తుంది. అప్పటికి పెట్టుబడి, పంట, అప్పు మూడూ గట్టెక్కిన ఓడలే.

అందుకే మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. మనలో సగంమందికి పైగా పల్లెలనుంచి వచ్చినవాళ్ళం. సంక్రాంతికి, వేసవి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఎవరి ఊళ్ళో వాళ్ళు ఒక పాత బావిలో నీటిమట్టం కొలిచి, తేదీ వేసి, సంఘం దగ్గర ఒక రిజిస్టరులో రాద్దాం. కావలసింది తాడు, రాయి, టేపు మాత్రమే. ఐదేళ్ళు రాస్తే మట్టం ఎటు పోతోందో అంకెలే చెబుతాయి. అటు తర్వాత ఎన్ని బోర్లు, ఏ పంట అన్నది ఊరివాళ్ళు కూర్చుని మాట్లాడుకోవడానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది. ఈ వేసవికి మా ఊరి ఊటబావి కొలత మొదటి వరసలో నేను రాస్తాను. రెండో వరస ఖాళీగా ఉంటుంది, మీరు రాయండి.